పాఠం ఫోనులో, పరీక్ష కాగితం మీద

గోదావరి డెల్టాలో పదో తరగతి సర్టిఫికెట్ విలువ తెలియాలంటే పాస్‌పోర్టు తెరిచి చూడాలి. 1983 నాటి వలస చట్టం కింద, పది పాస్ కానివారి పాస్‌పోర్టు సాధారణంగా వలస తనిఖీ అవసరమైన కోవలోకి వెళుతుంది. గల్ఫ్‌తో సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే వాళ్లు ముందుగా ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. ఆడవాళ్లయితే 30 ఏళ్లు నిండితే గానీ ఆ అనుమతి రాదు. పది పాసైనవారికి ఈ బెడద లేదు. రాజోలు, మలికిపురం, నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల నుంచి కువైట్‌కూ ఖతార్‌కూ ఇళ్లల్లో పనికి వెళ్లిన ఆడవాళ్లు ఊరూరా కనిపిస్తారు. ఒక సర్టిఫికెట్ ఉండటానికీ లేకపోవడానికీ తేడా ఎంతో వాళ్లలో చాలామందికి చేతి చమురు వదిలాక గానీ తెలియలేదు.

గల్ఫ్ ఒక్కటే కాదు. డ్వాక్రా సంఘాల పుస్తకాలు రాసే యానిమేటరు పనికి పది అడుగుతారు. ఐటీఐలో చాలా ట్రేడులకు అదే అర్హత. ప్రభుత్వ కార్యాలయంలో అటెండరుగా చేరినవారు ఒక మెట్టు ఎక్కాలన్నా అదే కాగితం చూపాలి. అందుకే ముప్పై, నలభై ఏళ్ల వయసులో మళ్లీ పుస్తకం పట్టేవారు అమలాపురంలోనూ భీమవరంలోనూ తక్కువేమీ కాదు. బడి ఎందుకు మానేశారని అడిగితే ఇంటి పరిస్థితి బాగాలేదని కొందరు, పెళ్లి చేసేశారని కొందరు చెబుతారు. ఇంకొందరు మాత్రం తల వంచుకుని ‘చదువు అబ్బలేదండి’ అని ఊరుకుంటారు. ఈ వ్యాసం ఆ మూడో రకం వారి గురించి.

వారిలో కొందరి విషయంలో చదువు అబ్బకపోవడానికి బలమైన కారణం ఉంది. మిగతా విషయాల్లో చురుగ్గా ఉన్న మనిషికి అక్షరాలను ధ్వనులుగా, ధ్వనులను అక్షరాలుగా మార్చుకునే పని మాత్రం మెదడులో సాఫీగా సాగదు. చదవడంలో వచ్చే ఈ ఇబ్బందిని డిస్లెక్సియా అంటారు. రాతలో వచ్చేది డిస్‌గ్రాఫియా, అంకెలతో వచ్చేది డిస్కాల్కులియా. మూడింటినీ కలిపి అభ్యసన వైకల్యాలంటున్నారు. తెలివితేటలకూ వీటికీ సంబంధం లేదు. వయసు వస్తే పోయేవీ కావు. పైగా వంశంలో నడుస్తాయి. కొడుకు డైరీలో టీచరు రాసిన ఫిర్యాదు వినగానే తన చిన్నతనం గుర్తుకొచ్చి, అప్పుడు గానీ తన సంగతి అర్థం కాని తండ్రులున్నారు.

ఇన్నేళ్లూ ఇది ఎవరి కంటా పడకపోవడానికి తెలుగు లిపి తీరు కూడా ఒక కారణం. మనకు అక్షరానికీ ధ్వనికీ పొంతన గట్టిది. రాసినట్టే చదువుతాం. ఇలాంటి పొంతన ఉన్న ఇటాలియన్, జర్మన్ వంటి భాషల్లో డిస్లెక్సియా తప్పుల రూపంలో కంటే నెమ్మది రూపంలో ఎక్కువగా బయటపడుతుందని పరిశోధకులు చాలాకాలంగా చెబుతున్నారు. తెలుగు పిల్లవాడి విషయంలోనూ జరిగేది దాదాపు అదే. గుణింతాలు కిందా మీదా పడి నేర్చుకుంటాడు. వాక్యాన్ని కూడబలుక్కుని చివరిదాకా లాక్కొస్తాడు. తప్పు చదవలేదు కాబట్టి టీచరు పట్టించుకోడు. పక్కవాడు పేజీ ముగించేసరికి ఇతను మూడో వాక్యంలో ఉన్నాడన్న సంగతి అరవై మంది ఉన్న తరగతిలో ఎవరికి కావాలి? ఇంగ్లీషు మొదలయ్యాక ఆ కాస్త గుట్టూ రట్టవుతుంది. అప్పటికి మొద్దు అన్న పేరు స్థిరపడి ఉంటుంది.

లిపిలో చిక్కులు లేవని కాదు. ప, వ, ష ఒకదాని పక్కన ఒకటి పెడితే తేడా ఒక గీతంత. మ, య కూడా అంతే. ద, ధ, థ సంగతి చెప్పనే అక్కరలేదు. వీటిని మించినది వత్తుల వ్యవహారం. స్త్రీ అన్న అక్షరాన్ని చూడండి. పలికేటప్పుడు స, త, ర వరసగా వచ్చి చివర ఈకారం వస్తుంది. రాసేటప్పుడు ఆ ఈకారపు గుడి మొట్టమొదటి స మీద కూర్చుంటుంది, మిగతా రెండూ కింద వేలాడతాయి. క్రియలో ర వత్తు కకు ఎడమవైపు నుంచి చుట్టుకుని వస్తుంది. కంటికి కనిపించే వరస ఒకటి, నోటికి కావలసిన వరస ఇంకొకటి. అలవాటున్నవారికి ఇది స్పృహలోకే రాదు. డిస్లెక్సియా ఉన్నవారు ప్రతిసారీ విప్పుకుని, మళ్లీ పేర్చుకోవాలి.

చట్టానికి ఈ సంగతి తెలిసింది ఆలస్యంగా. 1995 నాటి వికలాంగుల చట్టం గుర్తించిన ఏడు వైకల్యాల్లో అభ్యసన వైకల్యం లేదు. 2016లో కొత్త చట్టం చేసి, జాబితాను 21కి పెంచినప్పుడు చేర్చారు. అది 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చింది. అంటే ఈ రోజు ముప్పై దాటిన ఎవరి బడి రోజుల్లోనూ ఈ వైకల్యానికి చట్టంలో చోటే లేదు. నలభై దాటినవారి కాలంలో ఏడో తరగతికే జిల్లా ఉమ్మడి పరీక్ష ఉండేది, చాలామంది అక్కడే ఆగిపోయారు. తర్వాతి తరానికి 2010 నుంచి విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి వరకు ఎవరినీ ఫెయిల్ చేయవద్దంది. ఉద్దేశం మంచిదే. కానీ చదవలేని పిల్లవాడికి సాయం చేయకుండా పై తరగతికి నెట్టడం వల్ల దెబ్బ తప్పలేదు, ఏడులో తగిలేది పదిలో తగిలింది.

ఇక మళ్లీ చదవాలనుకునేవారికి ఉన్న దారులు. ప్రధానంగా రెండు. ఒకటి రాష్ట్రానిది, 1991లో మొదలైన సార్వత్రిక విద్యాపీఠం. జనం నోట ఓపెన్ స్కూల్. రెండోది కేంద్రానిది, 1989లో జాతీయ ఓపెన్ స్కూల్‌గా పుట్టి 2002లో పేరు మార్చుకున్న జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, ఎన్ఐఓఎస్. రెండింటిలోనూ పదికి 14 ఏళ్లు నిండి ఉంటే చాలు, పై వయసుకు హద్దు లేదు. ఐదు సబ్జెక్టులు. ఒకసారి చేరితే ఐదేళ్లు చెల్లుతుంది. పాస్ మార్కులు రాష్ట్రంలో 35, ఎన్ఐఓఎస్‌లో 33. ఎన్ఐఓఎస్ పదో తరగతిని తెలుగు మాధ్యమంలోనూ చదవవచ్చు. ఈ రెండు సంస్థల సర్టిఫికెట్లూ మామూలు బోర్డు సర్టిఫికెట్‌తో సమానమే.

బస్టాండ్ గోడల మీదా కరెంటు స్తంభాల మీదా కనిపించే ‘ఇంట్లో కూర్చునే పది పాస్’ ప్రకటనల సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. ఈ రెండు సంస్థల్లో ఏదీ ఇంట్లో కూర్చోబెట్టి పది పాస్ చేయించదు. ఆన్‌లైన్‌లో ఉన్నది దరఖాస్తు, ఫీజు, పాఠం. పరీక్ష మాత్రం కేంద్రానికి వెళ్లి, హాల్ టికెట్ చూపించి, పెన్నుతో కాగితం మీద రాయాల్సిందే. చదవడం, రాయడం కష్టమని బడి వదిలేసిన మనిషికి ఈ ముక్క మొదటి రోజే చెప్పాలి. ఫోనులో పాఠాలు బాగా అర్థమవుతున్నాయన్న ధైర్యంతో ఏడాది గడిపి, తెల్ల కాగితం ముందు చెమటలు కక్కేవాళ్లు ఎక్కువ కాబట్టి.

అలాగని ఆన్‌లైన్‌ను కొట్టిపారేయడానికి లేదు. పెద్దవాళ్లకు దీనివల్ల కలిగే మొదటి మేలు చదువుతో సంబంధం లేనిది: ఎవరూ చూడరు. తరగతిలో నిలబెట్టి చదివించిన రోజుల భయం ముప్పై ఏళ్లయినా పోదు. గది తలుపు వేసుకుని, ఒకే పాఠాన్ని పదిసార్లు వెనక్కి తిప్పి వింటే నవ్వేవాళ్లుండరు. రెండో మేలు చెవి. అభ్యసన వైకల్యం ఉన్నవారిలో చాలామందికి విన్నది బాగా పడుతుంది. కేంద్ర ప్రభుత్వపు ఆన్‌లైన్ చదువుల వేదిక స్వయం మీద ఎన్ఐఓఎస్ పాఠాలున్నాయి. బడి పుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో స్కాన్ చేస్తే దీక్షా వేదికలో ఆ పాఠం వీడియో వస్తుంది. ఇంట్లో పిల్లల పుస్తకాలు ఉంటే ఆ కోడ్‌లు పెద్దవాళ్లకూ పనికొస్తాయి. వీడియో వేగం కాస్త తగ్గించి, చేతిలో అచ్చు పుస్తకం పెట్టుకుని, వినిపిస్తున్న మాట కింద వేలు జరుపుతూ పోవడం చాలామందికి పనికొచ్చే పద్ధతి. చెవి ముందు నడుస్తుంటే కన్ను దాని వెనక వెళుతుంది.

ఈ పద్ధతి ఎందుకు పనిచేస్తుందో ఒక మాటతో చూడవచ్చు. సైన్సులో ఆకులు ఆహారం తయారుచేసుకునే పాఠం తెరవగానే ‘కిరణజన్య సంయోగక్రియ’ ఎదురవుతుంది. మెల్లగా చదివే మనిషి కి, ర, ణ, జ అంటూ ఒక్కొక్కటే పోగు చేసుకుంటాడు. న్య దగ్గర వత్తు కోసం కిందికి చూడాలి. సంయోగ దాటి క్రియ దగ్గరికి వచ్చేసరికి కిరణ జారిపోయి ఉంటుంది. క్షణకాలం గుర్తుంచుకునే మెదడు భాగానికి పట్టే సరుకు ఎవరికైనా కొంచెమే. అక్షరాలు విప్పుకోవడానికే అదంతా ఖర్చయితే అర్థానికి చోటుండదు. ఆ మాటను ముందే నాలుగుసార్లు విని ఉన్నవారికి అచ్చులో మొదటి రెండు అక్షరాలు కనబడగానే మిగతాది దానంతటదే వస్తుంది. అప్పుడు సూర్యరశ్మి, పత్రహరితం, చక్కెర గురించి ఆలోచించే తీరిక దొరుకుతుంది. తెలుగు మాధ్యమం పుస్తకాల నిండా ఇలాంటి సంస్కృత సమాసాలే. వరిచేలో పుట్టిపెరిగిన మనిషికి ఆకు పచ్చదనం సంగతి తెలియక కాదు, ఆ పేరు నోట పట్టక ఆగిపోవడం ఇది.

ఫోనులో తెలుగును చదివి వినిపించే సౌకర్యం ఉంది. 2017 నుంచి తెలుగులో మాట్లాడితే టైపు చేసే సౌకర్యమూ ఉంది. కానీ ఇక్కడ ఒక పితలాటకం. తెలుగు డీటీపీలో ఏళ్ల తరబడి రాజ్యమేలిన అను ఫాంట్లలో కూర్చిన పుస్తకాన్ని పీడీఎఫ్ చేస్తే, కంటికి చక్కటి తెలుగు కనిపిస్తుంది, ఫోనుకు మాత్రం అది అర్థం లేని ఇంగ్లీషు అక్షరాల గుంపు. చదివి వినిపించమంటే ఏదో గొణుగుతుంది, లేదా మూగబోతుంది. స్కాన్ చేసి పెట్టిన పుస్తకమైతే అదొక బొమ్మ, అందులో ఫోనుకు అక్షరమే కనబడదు. అప్పుడు కెమెరాతో పేజీని పట్టి అక్షరాలను గుర్తించే యాప్‌తో యూనికోడ్‌లోకి, అంటే ఏ ఫోనైనా తెలుగు అక్షరంగానే గుర్తించే పద్ధతిలోకి, మార్చుకోవాలి. వత్తులు ఎక్కువున్న చోట అది తప్పులు చేస్తుంది. పాఠ్యపుస్తకాలను యూనికోడ్‌లో విడుదల చేస్తే ఈ తిప్పలన్నీ ఒక్క దెబ్బతో తీరతాయి. ఖర్చు లేని పని. ఎందుకు జరగదో ఊహించడం కష్టం కాదు: ఫైలు తయారుచేసేవారికి అది చదవలేనివారు ఎదురుపడరు.

అసలు ఆన్‌లైన్ గడప దగ్గరే కొందరు తట్టుకుని పడతారు. ఆధార్‌లో 12 అంకెలు, ఓటీపీలో ఆరు. 69ని 96గా చూసే కంటికి, గడువులోపు ఆరు అంకెలు ఒక తెర మీద చూసి ఇంకో తెర మీద కొట్టడం చిన్న పరీక్షేమీ కాదు. మనిషివో కాదో నిరూపించుకొమ్మంటూ వంకర టింకర అక్షరాలు చూపించే క్యాప్చా అయితే డిస్లెక్సియా ఉన్నవారి కోసమే కనిపెట్టినట్టు ఉంటుంది. దాంతో పని నెట్ సెంటర్‌కు చేరుతుంది. అక్కడ కుర్రవాడు చకచకా గడులు నింపుతాడు. వైకల్యం ఉందా అన్న గడి వచ్చినప్పుడు ఎదురుగా కాళ్లూ చేతులూ బాగున్న మనిషి కూర్చుని ఉంటాడు కాబట్టి అడగకుండానే ‘లేదు’ అని నొక్కేస్తాడు. సబ్జెక్టులు కూడా అందరికీ పెట్టేవే పెడతాడు. పరీక్షలో ఏ రాయితీ అడగాలన్నా, ఏ పేపరు తప్పించుకోవాలన్నా మొదటి అవకాశం ఈ రెండు గడుల దగ్గరే. నెట్ సెంటర్ కుర్రవాడి తొందరలో అది చేజారుతుంది. దరఖాస్తు నింపేటప్పుడు పక్కన ఎవరో ఒకరు, తీరికగా చదివి చెప్పేవాళ్లు ఉండటం ట్యూషన్ కంటే ముఖ్యం.

సబ్జెక్టుల సంగతికి వద్దాం. ఎన్ఐఓఎస్ పదిలో లెక్కలు తప్పనిసరి కాదు. గృహ విజ్ఞానం, చిత్రలేఖనం, భారతీయ సంస్కృతి, డేటా ఎంట్రీ వంటివి ఎంచుకోవచ్చు. అంకెలంటే హడలిపోయేవారికి ఇది పెద్ద ఊరట. అయితే తొందరపడి లెక్కలు వదులుకోకముందు, ఇబ్బంది నిజంగా అంకెలతోనేనా అని చూసుకోవాలి.

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువు మీద పనిచేసే మనిషిని తీసుకుందాం. వల విసిరి, పడ్డ రొయ్యలను తూచి, కిలోకు ఎన్ని తూగుతున్నాయో లెక్క తీస్తాడు. దానినే కౌంటు అంటారు. 100 కౌంటు అంటే ఒక్కో రొయ్య 10 గ్రాములు, 50 కౌంటు అంటే 20 గ్రాములు. కౌంటు దిగేకొద్దీ రేటు ఎక్కుతుంది. ఇంకో పది రోజులు ఆగితే కౌంటు ఎంతకు దిగుతుంది, ఆ పది రోజుల మేత ఖర్చు పోగా మిగిలేదెంత అన్నది గట్టు మీద నిలబడి నోటితో చెప్పేస్తాడు. పుస్తకంలో విలోమానుపాతం అన్న అధ్యాయం చెప్పేది ఇదే. పరీక్షలో ఆ ప్రశ్న నాలుగు వాక్యాల కథగా, ఎక్స్, వైలతో వస్తే చేతులెత్తేస్తాడు. అతని ఇబ్బంది ప్రశ్న చదవడంలో ఉంది. ప్రశ్నను ఎవరైనా చదివి వినిపిస్తే లెక్కల్లో గట్టెక్కగలడు. అసలైన డిస్కాల్కులియా వేరు. అది ఉన్నవారికి చిల్లర సరిచూసుకోవడం, గడియారంలో ముళ్లు చూసి టైము చెప్పడం, 75 కిలోల బస్తాలు ఆరు కలిస్తే ఎన్ని కిలోలో అంచనా వేయడం లాంటివే కొరుకుడు పడవు. అలాంటివారు లెక్కలు వదిలేయడమే మంచిది.

వదిలేస్తే మూసుకునే తలుపులు కూడా చూసుకోవాలి. పాలిటెక్నిక్ ప్రవేశానికి పదిలో లెక్కలు ఉండి తీరాలి. ఇంటర్‌లో ఎంపీసీ వైపు వెళ్లాలన్నా అంతే. పాస్‌పోర్టు కోసమో, యానిమేటరు పని కోసమో చదివేవారికి ఆ తలుపులతో పని లేదు. సర్టిఫికెట్ ఎందుకు కావాలో ముందు తేల్చుకుని, అక్కడి నుంచి వెనక్కి వచ్చి సబ్జెక్టులు ఎంచుకోవాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు.

అన్నిటికంటే గట్టి ముడి పరీక్ష హాలుది. కాగితం మీద చూస్తే హక్కులకు లోటు లేదు. 2016 చట్టంలోని 17వ సెక్షన్ పాఠ్యప్రణాళికలో, పరీక్షలో తగిన మార్పులు చేయాలంటుంది. అదనపు సమయం, చెప్పింది రాసిపెట్టే సహాయకుడు, రెండో, మూడో భాషల నుంచి మినహాయింపు అన్నవి అందులోనే పేర్కొంది. 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనంగా ఇవ్వాలన్నాయి. మూడు గంటల పేపరుకు అది ఒక గంట. 2021 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు, సివిల్స్ రాసే ఒక అభ్యర్థి కేసులో, రాతకు ఇబ్బంది ఉన్న మనిషికి వైకల్యం 40 శాతం లేదన్న సాకుతో రాసిపెట్టే సహాయకుణ్ని నిరాకరించడం చెల్లదంది. అదే ఏడాది నవంబరులో, డిస్‌గ్రాఫియా ఉన్న ఒక నీట్ అభ్యర్థినికి అదనపు గంట ఇవ్వకపోవడాన్ని తప్పుపట్టింది. ఈ రెండు తీర్పులు వచ్చాక ‘మా దగ్గర అలాంటి పద్ధతి లేదు’ అన్న జవాబుకు విలువ లేదు.

అయినా రాయితీ కావాలంటే ధ్రువపత్రం కావాలి. అది పెద్దవాళ్ల చేతికి రావడం దుర్లభం. మన దేశంలో అభ్యసన వైకల్యాన్ని తేల్చడానికి విరివిగా వాడే, బెంగళూరు మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వారి పరీక్ష సంపుటి పిల్లల కోసం తయారైంది. దాని మొదటి స్థాయి ఐదు నుంచి ఏడేళ్లకు, రెండోది ఎనిమిది నుంచి పన్నెండేళ్లకు. నలభై ఏళ్ల మనిషిని ఆ కొలబద్దతో కొలవడమంటే చిన్నప్పటి చొక్కా తొడిగి కొలతలు తీసుకోవడమే. మండలాల్లోని భవిత కేంద్రాలు, జిల్లా సత్వర చికిత్స కేంద్రాలు కూడా పిల్లలవే, 18 ఏళ్ల వరకే. వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం శిబిరంలో ఎముకల డాక్టరు, కంటి డాక్టరు ముందు వరసలు సాగుతుంటాయి. కాలు చూసి శాతం వేయడానికి పట్టే సమయం వేరు. అభ్యసన వైకల్యం తేల్చాలంటే సైకాలజిస్టు గంటల తరబడి కూర్చుని చదివించాలి, రాయించాలి, తెలివితేటల పరీక్ష వేరుగా పెట్టాలి. ఆ నిపుణులు పెద్ద ఊళ్లలోనే కాస్త దొరుకుతారు. మేధో వైకల్యాల జాతీయ సంస్థ సికింద్రాబాద్‌లో ఉంది. మామిడికుదురు నుంచి అక్కడికి పోయి రావడమంటే కూలి పోగొట్టుకుని, చార్జీలు పెట్టుకుని, ఒక్క రోజులో తెమలని పని.

ఇక్కడ ఒక మాట నిక్కచ్చిగా అనాలి. ఓపెన్ స్కూల్ పరీక్ష రాసేవారంతా ఏదో ఒక కారణంతో బడికి దూరమైనవారే. వాళ్లందరికీ ధ్రువపత్రం ప్రసక్తి లేకుండా నాలుగు గంటలు ఇస్తే పోయేదేముంది? వేగంగా రాసేవాడు మూడు గంటలకే లేచి వెళ్లిపోతాడు. నిదానంగా రాసేవాడు పూర్తి చేస్తాడు. పదో తరగతి పరీక్ష తేల్చాల్సింది తెలుసా తెలియదా అన్నది, ఎంత జోరుగా రాశాడన్నది కాదు. రాసిపెట్టే సహాయకుడి విషయంలో తనిఖీ ఉండాలనడంలో న్యాయముంది, అక్కడ మోసానికి సందుంది. అదనపు సమయం విషయంలో అలాంటి భయమేమీ లేదు. ధ్రువపత్రాల కోసం తిరిగే తిరుగుడులో సగం దీంతో తప్పుతుంది.

సహాయకుడు దొరికినవారికి కూడా వేరే సాధన కావాలి. చెప్పి రాయించడం పుట్టుకతో వచ్చే విద్య కాదు. సహాయకుడిగా వచ్చేది తరచుగా చిన్న తరగతి విద్యార్థి. తన కొడుకు వయసు పిల్లవాడి పక్కన కూర్చుని, ‘మరేమోనండి, వర్షాలు పడకపోతే ఏమవుద్దంటే’ అని మొదలుపెడితే, ఆ పిల్లవాడు దాన్ని ఉన్నదున్నట్టు రాయాలో, పుస్తకం భాషలోకి మార్చాలో తెలియక ఆగిపోతాడు. మార్చడం నిబంధనలకు విరుద్ధం. అందుకని పరీక్షకు నెలల ముందు నుంచే జవాబులను ఫోనులో చెప్పి రికార్డు చేసుకుని, తిరిగి విని, చిన్న వాక్యాలుగా దిద్దుకోవాలి. ఎక్కడ పేరా మారాలో, ఎక్కడ అంకె వేయాలో కూడా నోటితోనే చెప్పడం అలవాటు చేసుకోవాలి. మాట్లాడితే టైపు చేసే సౌకర్యం ఈ సాధనకు బాగా ఉపయోగపడుతుంది. తను చెప్పింది తెర మీద ఎలా పడుతుందో చూస్తే వాక్యం ఎక్కడ సాగిపోతోందో కనబడుతుంది.

ఇంట్లో చదువు చెప్పేది సాధారణంగా కూతురో, కోడలో. పిల్లలు ఓపిక పట్టగలరు కానీ తమకు బడిలో ఎలా చెప్పారో అలాగే చెబుతారు. అమ్మ చదువుతుంటే ప్రతి తప్పు దగ్గరా ఆపి దిద్దుతారు. నాలుగుసార్లు ఆగితే వాక్యం ఎక్కడ మొదలైందో ఆవిడకు గుర్తుండదు. తప్పయినా సరే చివరిదాకా చదవనిచ్చి, ఆ తర్వాత అదే వాక్యాన్ని తాము చదివి వినిపించి, మళ్లీ చదవమంటే సరిపోతుంది. నరసాపురం పక్క ఊళ్లలో లేసు అల్లే ఆడవాళ్లకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. నమూనా ముక్క ముందు పెట్టుకుని, చేత్తో తడిమి, కుట్లు లెక్కపెట్టుకుని అల్లుతారు. మొత్తం చూశాకే ముక్కల్లోకి దిగుతారు. చదువులోనూ పాఠం మొత్తాన్ని ఒకసారి విని, ఆ తర్వాత పేరాల్లోకి దిగితే పని తేలికవుతుంది.

చివరిగా కాలం సంగతి. పబ్లిక్ పరీక్షలు ఎన్ఐఓఎస్‌లో ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మే నెలల్లో, అక్టోబరు-నవంబరు నెలల్లో జరుగుతాయి. డెల్టాలో ఏప్రిల్ అంటే దాళ్వా కోతలు, నూర్పిళ్లు, ధాన్యం కొనుగోలు కేంద్రాల దగ్గర పడిగాపులు. అక్టోబరు-నవంబరు అంటే సార్వా పంట చేతికొచ్చే వేళ, తుపానుల వేళ. చెరువుల పట్టుబడి అయితే రాత్రీ పగలూ చూడదు. పరీక్షల పట్టిక తయారుచేసేవారి లెక్కలో ఇవేవీ ఉండవు, ఉంటాయని ఆశించడం కూడా అత్యాశే. ఎన్ఐఓఎస్‌లో కోరినప్పుడు పరీక్ష రాసే పద్ధతి ఒకటుంది కానీ అది ఎంపిక చేసిన కేంద్రాల్లోనే. డెల్టా లోపలి ఊళ్ల వాళ్లకు దూరాభారం.

ఆ ఇరుకులో ఊపిరాడనిచ్చేది ఒక నిబంధన. ఎన్ఐఓఎస్‌లో ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలుంటాయి. ఐదు పేపర్లూ ఒకేసారి రాయాలన్న పట్టింపు లేదు. పాసైన సబ్జెక్టు మార్కులు ఖాతాలో ఉండిపోతాయి, మిగిలినవి తర్వాతి విడతల్లో రాసుకోవచ్చు. మెల్లగా చదివే మనిషికి ఇంతకంటే కావలసింది లేదు. అయినా నెట్ సెంటర్‌లోనో, కోచింగ్ వారి దగ్గరో ఐదింటికీ ఒకేసారి ఫీజు కట్టించి పంపేస్తుంటారు. ఐదూ పోతాయి, ‘మనకు అబ్బదు’ అన్న పాత మాట మళ్లీ ఇంట్లోకి వస్తుంది. మొదటి విడత తెలుగు, దానితోపాటు గృహ విజ్ఞానం. పని తక్కువగా ఉన్న కాలం చూసుకుని రెండో విడతలో సాంఘికం ఒక్కటే. ఆ తర్వాత సైన్సు. ఇంగ్లీషు తీసుకోవాల్సి వస్తే అన్నిటికంటే ఆఖర్న, మిగతా నాలుగూ చేతిలో పడ్డాక. ఇలా సాగితే రెండేళ్లో రెండున్నరేళ్లో పడుతుంది. పాస్‌పోర్టు కార్యాలయంలో సర్టిఫికెట్ చూసే ఉద్యోగి అందులో ఎన్ని విడతలున్నాయని అడగడు.